గుండె మార్చే ముందు

ఉద్దేశం

పాతబడిన వస్తువును బాగుచేయించుకోవాలా, మార్చుకోవాలా అనే ప్రశ్న ప్రతి కుటుంబానికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఆ ప్రశ్న మరింత కఠినమవుతుంది. ఒక పాత కారు ఇంజనును ఆధారం చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం, ఊహపై కాక కొలతపై ఆధారపడి నిర్ణయం తీసుకునే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

అది 1999 వేసవి. విజయవాడలో మా నాన్నగారు ఒక అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. ఆ కారుకు అప్పటికి పదమూడేళ్ళు. ఒకప్పుడు లీటరు పెట్రోలుకు పది కిలోమీటర్లు నడిచిన బండి ఎనిమిదికి దిగింది. నలుగురు ఎక్కితే వంతెన ఎక్కడానికి ఆయాసపడేది. ఉదయం స్టార్టు చేస్తే వీధి చివరిదాకా నల్లటి పొగ వ్యాపించేది. టాక్సీ స్టాండులో ప్రతివారూ ఒకే సలహా ఇచ్చారు. "ఈ పెట్రోలు ఇంజను పీకేసి డీజిలు ఇంజను పెట్టించు. రెండేళ్ళలో డబ్బు తిరిగివస్తుంది" అన్నారు. ఆనాడు పెట్రోలు కంటే డీజిలు చాలా చౌక. కాబట్టి ఆ సలహాలో తర్కం లేకపోలేదు.

అయితే ఇంజను మార్పిడికి కావలసిన సొమ్ము మా ఇంట్లో ఒక్కచోటే ఉంది. అది అక్కయ్యను డిగ్రీలో చేర్పించడానికి రెండేళ్ళుగా కూడబెట్టిన డబ్బు. కారు నడవకపోతే ఇల్లు గడవదు. కారు కోసం ఆ డబ్బు వాడితే అక్కయ్య చదువు ఆగిపోతుంది. ఈ సందిగ్ధంలో నాన్నగారు కారును ఆటోనగర్‌లోని ఒక వృద్ధ మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్ళారు. ఆయనను అందరూ మేస్త్రిగారు అనే పిలిచేవారు. నాన్నగారు చెప్పినదంతా విని ఆయన నవ్వి, "నాడి చూడకుండానే గుండె మారుస్తానంటే ఎట్లా తమ్ముడూ? ముందు రోగమేమిటో తేలనీ" అన్నారు. ఈ పాఠానికి మూలం ఆ ఒక్క మాటే.

అంబాసిడర్ కథ

మేస్త్రిగారి మాటను అర్థం చేసుకోవడానికి ఆ కారును గురించి కొంత తెలుసుకోవాలి. 1942లో స్థాపితమైన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్‌ను తయారు చేసింది. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు దీనికి మాతృక. 1950 దశకం చివర రోడ్డుకెక్కిన ఈ కారు 2014 మే నెలలో ఉత్పత్తి నిలిచిపోయేదాకా బాహ్యరూపంలో పెద్దగా మారలేదు. మంత్రుల కాన్వాయిలలోనూ, పెళ్ళి ఊరేగింపులలోనూ, రైల్వేస్టేషను ముందరి టాక్సీ వరుసలలోనూ అదే ఆకారం కనిపించేది.

బయటి రూపం మారకపోయినా లోపలి ఇంజను మాత్రం మారుతూ వచ్చింది. 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను అనేక సంవత్సరాలు ఈ కారును నడిపింది. 1980 ప్రాంతంలో డీజిలు ఇంజను వచ్చింది. 1990 దశకం తొలినాళ్ళలో జపాను సంస్థ ఇసుజు రూపొందించిన 1817 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనును అమర్చారు. ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉంది. ఆ శక్తిమంతమైన ఇంజనుతోపాటు కర్మాగారం వారు నాలుగు గేర్ల పెట్టెను తొలగించి అయిదు గేర్ల పెట్టెను కూడా అమర్చారు. కారును తయారు చేసినవారు సైతం ఇంజనును ఒంటరిగా మార్చలేదన్న మాట.

నాడి పరీక్ష

మేస్త్రిగారు మొదట స్పార్కు ప్లగ్గులు విప్పి వరుసగా ఒక గుడ్డపై పరిచారు. ప్లగ్గు మొన లేత గోధుమరంగులో ఉంటే దహనం సక్రమంగా జరుగుతున్నదని అర్థం. మసిబారి నల్లగా ఉంటే గాలికి తగినదానికంటే పెట్రోలు పాలు ఎక్కువైనదని, తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోలు పాలు తగ్గినదని, నూనెతో తడిసి ఉంటే ఇంజను ఆయిలు దహనగదిలోకి ప్రవేశిస్తున్నదని గ్రహించాలి. పొగ కూడా ఇదే కథ చెబుతుంది. నల్లపొగ అధిక పెట్రోలుకు, నీలిపొగ ఆయిలు కాలడానికి, ఇంజను వేడెక్కిన తరువాత కూడా ఆగని తెల్లపొగ రేడియేటరు నీరు లోపలికి చేరుతున్నదనడానికి సూచనలు.

తరువాత ఆయన కంప్రెషన్ గేజిని ఒక్కొక్క సిలిండరుకు బిగించి ఇంజనును తిప్పించారు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు లోపలి గాలిని ఎంత ఒత్తిడితో అదమగలుగుతున్నదో ఈ గేజి చూపుతుంది. నాలుగు సిలిండర్లకు వచ్చిన నాలుగు అంకెలను సిగరెట్టు పెట్టె అట్టమీద రాశారు. చదరపు అంగుళానికి 120, 115, 70, 120 పౌండ్లు. ఆరోగ్యంగా ఉన్న ఇంజనులో సిలిండర్ల మధ్య వ్యత్యాసం సుమారు పదిశాతానికి మించకూడదు. మూడవ సిలిండరు ఒక్కటే వెనుకబడి ఉంది.

అప్పుడు మూడవ సిలిండరులో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్ళీ పరీక్షించారు. పిస్టన్ రింగులు అరిగి ఉంటే ఆ ఆయిలు సందులను తాత్కాలికంగా మూసి ఒత్తిడిని పెంచుతుంది. వాల్వులో లోపముంటే ఆయిలు వల్ల ప్రయోజనముండదు. అంకె 70 దగ్గరే నిలిచింది. "చూశావా తమ్ముడూ! రింగులు బాగానే ఉన్నాయి. ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదు. దీనికి ఇంజనంతా ఎందుకు మార్చాలి?" అన్నారు మేస్త్రిగారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్న సామెత నాకు పూర్తిగా అర్థమైంది ఆ రోజే.

ట్యూనింగ్ అంటే ఏమిటి?

ట్యూనింగ్ అనగానే యువకులకు వేగం, శబ్దం గుర్తుకు వస్తాయి. పాత కారు విషయంలో ఆ పదానికి అర్థం వేరు. వీణ తీగలను మళ్ళీ శ్రుతి చేసినట్లుగా, కాలక్రమంలో కొలత తప్పిన భాగాలను వాటి అసలు కొలతకు చేర్చడమే ట్యూనింగ్. ఇంజనుకు లేని శక్తిని అది ఇవ్వదు. పోయిన శక్తిని తిరిగి తెచ్చి ఇస్తుంది.

పెట్రోలు ఇంజనుకు సక్రమంగా కావలసినవి మూడు: తగిన పాళ్ళలో గాలి, పెట్రోలు మిశ్రమం, ఆ మిశ్రమాన్ని గట్టిగా అదమడం, సరైన క్షణంలో నిప్పురవ్వ. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి తూకంలో సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఈ పాళ్ళను కుదిర్చేది కార్బురేటరు. దానిలోని సన్నని రంధ్రాలలో మడ్డి చేరినా, ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయినా పాళ్ళు చెడతాయి. నిప్పురవ్వ పుట్టే క్షణాన్ని డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు నిర్ణయిస్తాయి. వాటి మధ్య ఎడం సుమారు 0.4 మిల్లీమీటరు ఉండాలి. అవి కాలి గుంటలు పడితే రవ్వ బలహీనపడుతుంది. ఎడం మారితే రవ్వ పుట్టే సమయం కూడా తప్పుతుంది.

వాల్వులను తెరిచే టాపెట్ల ఎడం మిల్లీమీటరులో సగానికి లోపే ఉంటుంది. ఎడం ఎక్కువైతే టకటకమని శబ్దం వస్తుంది. తక్కువైతే శబ్దమే ఉండదు. కానీ వాల్వు పూర్తిగా మూసుకోక, వేడి వాయువులు దాని అంచు పక్కనుంచి దూసుకుపోయి అంచు కాలిపోతుంది. మా కారులో జరిగింది ఇదే. శబ్దం లేదు గనుక టాపెట్లు బాగున్నాయని మేము సంతోషించాము. నిశ్శబ్దం ఎల్లప్పుడూ ఆరోగ్య లక్షణం కాదు.

మేస్త్రిగారు సిలిండర్ హెడ్ విప్పి, కాలిన వాల్వును మార్చి, మిగిలిన వాల్వులను గ్రైండింగు చేసి, కొత్త గాస్కెట్‌తో బిగించారు. పాయింట్లు, కండెన్సరు, ప్లగ్గులు మార్చారు. కార్బురేటరును శుభ్రపరిచి మిశ్రమాన్ని సరిచేశారు. మూడు రోజుల పని అది. నాలుగవ రోజున బండి మళ్ళీ లీటరుకు పది కిలోమీటర్లు నడిచింది. అక్కయ్య డబ్బులో కొద్ది భాగమే ఖర్చయింది. ఆ లోటును నాన్నగారు దసరాలోపు పూడ్చారు.

మార్పిడి వెంట వచ్చే మార్పులు

అదే కాలంలో నాన్నగారి స్నేహితుడొకరు వేరొక వాహనం నుండి తీసిన డీజిలు ఇంజనును తన పాత అంబాసిడర్‌లో పెట్టించారు. ఇంధనఖర్చు నిజంగానే తగ్గింది. కానీ ఆ ఇంజను పాతదానికంటే బరువైనది. నెలలు గడిచేకొద్దీ కారు ముందుభాగం కుంగింది. స్టీరింగు బరువెక్కింది. బ్రేకులు మాత్రం పాతవే. ఒకరోజు ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు దిగుతుండగా బ్రేకులు వేడెక్కి పట్టు సడలాయి. ఆయన సమయస్ఫూర్తితో కారును కొండవైపు రాళ్ళకు ఆనించి నిలిపారు. లోపలున్న యాత్రికులకు చిన్న దెబ్బలు మాత్రమే తగిలాయి. లోయవైపు తిరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి కూడా భయం వేస్తుంది.

తప్పు డీజిలు ఇంజనుది కాదు. ఇంజనును మాత్రమే మార్చి, దానిపై ఆధారపడిన భాగాలను మార్చకపోవడం తప్పు. కారు అనేది ఒక కుటుంబం వంటిది. ఇంజను బరువు స్ప్రింగులపై పడుతుంది. దాని శక్తి గేరుపెట్టె, క్లచ్, వెనుక ఇరుసులపై పడుతుంది. దాని వేడిని రేడియేటరు భరించాలి. అది పెంచిన వేగాన్ని బ్రేకులు ఆపాలి. కాబట్టి ఇంజను ఖరీదు తెలుసుకొని మార్పిడి ఖర్చు తెలిసినదని అనుకోరాదు. ఇంజనును బిగించే మౌంటింగులు, సైలెన్సరు గొట్టాలు, వైరింగు, బ్రేకులు ఇవన్నీ కూడినప్పుడే అసలు ఖర్చు తేలుతుంది. వీటిని విస్మరిస్తే కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందమవుతుంది.

చట్టాన్ని కూడా మరువరాదు. వాహన రిజిస్ట్రేషను పత్రంలో ఇంజను నంబరు, ఇంధన రకం నమోదై ఉంటాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనంలో మార్పులను నియంత్రిస్తుంది. రిజిస్ట్రేషను వివరాలకు, తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నమైన మార్పులు చేయరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. ఇంజను మార్చదలచినవారు ముందుగానే రవాణాశాఖ కార్యాలయంలో విచారించి, మార్పును పత్రంలో నమోదు చేయించుకోవాలి. నమోదు కాని ఇంజనుతో ప్రమాదం జరిగితే బీమా పరిహారానికి చిక్కులు ఏర్పడతాయి.

సరైన పోలిక

ఇప్పుడు లెక్క చూద్దాం. నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగే ఒక పాత పెట్రోలు కారు ఉన్నదనుకొందాం. అది లీటరుకు 8 కిలోమీటర్లు నడిస్తే నెలకు 150 లీటర్లు కావాలి. మెరుగైన మరొక పెట్రోలు ఇంజను పెట్టించి 12 కిలోమీటర్లు సాధిస్తే 100 లీటర్లు చాలు. నెలకు 50 లీటర్లు ఆదా. మార్పిడికి 1,000 లీటర్ల పెట్రోలు ఖరీదంత ఖర్చయితే 20 నెలలలో అది తిరిగివస్తుంది. లాభసాటి బేరంగానే కనిపిస్తుంది.

ఈ లెక్కలో ఒక లోపం దాగి ఉంది. ఇది కొత్త ఇంజనును రోగగ్రస్తమైన పాత ఇంజనుతో పోల్చింది. అదే పాత ఇంజను ట్యూనింగ్ తరువాత లీటరుకు 10 కిలోమీటర్లు నడిస్తే నెలకు 120 లీటర్లు చాలు. ట్యూనింగ్‌కు 60 లీటర్ల ఖరీదంత ఖర్చయినా, నెలకు 30 లీటర్ల ఆదాతో అది రెండు నెలలలో తిరిగివస్తుంది. ఇక మార్పిడి వల్ల అదనంగా ఆదా అయ్యేది నెలకు 20 లీటర్లు మాత్రమే. 1,000 లీటర్ల ఖర్చు తిరిగిరావడానికి 20 నెలలు కాదు, 50 నెలలు పడుతుంది. కొత్తదానిని చెడిపోయిన పాతదానితో కాక, బాగుపడిన పాతదానితో పోల్చాలి. ఈ పాఠంలో గుర్తుంచుకోవలసిన సూత్రం ఇదే.

లెక్కకు ఆధారమైన ధరలు స్థిరంగా ఉండవన్నది మరొక జాగ్రత్త. డీజిలు చౌక అన్న నమ్మకంతో ఎందరో ఆనాడు ఇంజన్లు మార్చుకున్నారు. 2010 జూన్‌లో పెట్రోలు ధరపై, 2014 అక్టోబరులో డీజిలు ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగింది. ఆ రెండింటి మధ్య అంతరం బాగా తగ్గింది. కేవలం ధరల తేడాపై ఆధారపడిన నిర్ణయం ఆ తేడాతోపాటే బలహీనపడింది.

ఇంధనం స్వభావం కూడా మారుతుంది. పాత ఇంజన్లలో వాల్వు కూర్చునే పీఠానికి పెట్రోలులోని సీసం రక్షణగా ఉండేది. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలే లభిస్తున్నది. అందువల్ల హెడ్ విప్పిన సందర్భంలో గట్టి లోహపు పీఠాలు వేయించుకోవడం మేలు. 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం దేశవ్యాప్తమైంది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను, వాషర్లను దెబ్బతీయగలదు. కార్బురేటరులో మిశ్రమం పలుచబడేలా చేస్తుంది. కాబట్టి నేడు పాత కారు ఉంచుకున్నవారు తగిన గొట్టాలు వేయించుకొని, కార్బురేటరును తిరిగి సరిచేయించుకోవాలి.

మార్పిడి ఎప్పుడు ఉచితం?

మరమ్మతే ఎల్లప్పుడూ మేలని భావించడం కూడా పొరపాటే. ఇంజను దిమ్మ పగిలినా, సిలిండర్లు అరిగి బోరింగుకు వీలైన పరిమితి దాటినా, క్రాంక్‌షాఫ్టును ఇక సానపట్టడానికి వీలులేకపోయినా, కావలసిన భాగాలు ఎక్కడా దొరకకపోయినా మార్పిడి సమంజసం. అప్పుడు కూడా అదే నమూనాకు చెందిన మంచి ఇంజను దొరికితే దానినే ఎంచుకోవడం క్షేమం. బరువు, మౌంటింగులు, గేరుపెట్టె యథాతథంగా సరిపోతాయి. ఇంజను నంబరు మార్పును నమోదు చేయించుకోవడం మాత్రం తప్పదు.

ట్యూనింగ్‌కు, మార్పిడికి మధ్య మరొక మార్గం ఉంది. అది ఇంజనును పూర్తిగా విప్పి బోరింగు చేయించడం. 2005లో మా కారుకు ఆ అవసరం వచ్చింది. ఈసారి నాలుగు సిలిండర్ల అంకెలు 85, 80, 75, 80. ఆయిలు పోయగానే నాలుగూ పెరిగాయి. పొగ నీలిరంగులో ఉంది. "ఇప్పుడు ట్యూనింగ్‌తో పని జరగదు తమ్ముడూ. రింగులు అరిగాయి, బోరింగు చేయాలి" అని మేస్త్రిగారే చెప్పారు. ఆరేళ్ళ కిందట వద్దన్న పెద్ద ఖర్చును ఇప్పుడు తానే చేయమన్నారు. రెండుసార్లూ ఆయన నమ్మింది తన ఇష్టాన్ని కాదు, గేజిలోని ముల్లును.

అప్పటికి అక్కయ్య డిగ్రీ పూర్తిచేసి ఉపాధ్యాయినిగా చేరింది. బోరింగు ఖర్చులో సగం తన జీతం నుండి ఇచ్చింది. కారును మేము ఏనాడో అమ్మివేశాము. మేస్త్రిగారు అంకెలు రాసిన ఆ సిగరెట్టు పెట్టె అట్టను మాత్రం నాన్నగారు అమ్మలేదు. అక్కయ్య డిగ్రీ పట్టాతోపాటు అది నేటికీ మా బీరువాలోనే ఉంది.

కఠిన పదాలు – అర్థాలు

మాతృక = మూలరూపం, నమూనా
సందిగ్ధం = ఎటూ తేల్చుకోలేని స్థితి
దహనం = మండటం, కాలడం
వ్యత్యాసం = తేడా
విస్మరించు = మరచిపోవు, పట్టించుకోకపోవు
చందం = విధం, తీరు
సమంజసం = తగినది, న్యాయమైనది
యథాతథంగా = ఉన్నది ఉన్నట్లుగా
సమయస్ఫూర్తి = సమయానికి తగిన ఆలోచన తోచడం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. పాత ఇంజనును మార్చే ముందు ఏయే పరీక్షలు చేయాలో, వాటివల్ల ఏమి తెలుస్తుందో వివరించండి.
2. "కొత్తదానిని చెడిపోయిన పాతదానితో కాక, బాగుపడిన పాతదానితో పోల్చాలి." ఈ సూత్రాన్ని పాఠంలోని లెక్క ఆధారంగా సమర్థించండి.

లఘు సమాధాన ప్రశ్నలు

1. స్పార్కు ప్లగ్గు రంగును బట్టి ఏమి గ్రహించవచ్చు?
2. నిశ్శబ్దం ఎల్లప్పుడూ ఆరోగ్య లక్షణం కాదని రచయిత ఎందుకన్నారు?
3. ఇంజను మార్పిడి ఏ సందర్భాలలో సమంజసం?

సందర్భసహిత వ్యాఖ్యలు

1. "ముందు రోగమేమిటో తేలనీ."
2. "దీనికి ఇంజనంతా ఎందుకు మార్చాలి?"

ఆలోచించి రాయండి

మీ ఇంట్లో పాతబడిన సైకిలు, కుట్టుమిషను, నీటిమోటారు వంటి ఒక వస్తువును తీసుకోండి. దాని లోపాన్ని ఎలా కనుగొంటారో, మరమ్మతు, మార్పిడులలో దేనిని ఎంచుకుంటారో లెక్కలతో ఒక పుటకు మించకుండా రాయండి.